గురుగ్రహం ఊరుకుందన్నారు

డాక్టర్ పరాంకుశం గారు గురుగ్రహం కూతల గురించి చదవాల్సిందంతా చదివారు. ఏడుస్తున్న పసివాణ్ణి మాత్రం జన్మలో ఒక్కసారి కూడా ఎత్తుకుని ఉండరు. ఎత్తుకుని ఉంటే ఊయల గదికి ఆ గాజు గోడ పెట్టించేవారు కాదు.

గాజుకి అవతల ఊయల, ఊయలలో నా కొడుకు వరహాలు. ఇవతల బల్ల మీద నేను. నా పక్కన హైమవతి. ల్యాబ్‌లో అందరికంటే చిన్న శాస్త్రవేత్త ఆ అమ్మాయే. చెవులకి డిప్పలు తగిలించుకుని తెర మీది గీతను చూస్తూ కూర్చునేది. వరహాలు ఏడుస్తుంటే ఆ గీత ఎగిరెగిరి పడేది.

"ముఖం ఎర్రబడిపోయింది మేడమ్," అన్నాను.

"ఇంకొంచెం సేపండీ. గీత పైకి వెళ్తోంది చూడండి. ఇప్పుడు ఎత్తుకుంటే ఆకారం చెడిపోతుంది."

ఆకారం అంటే ఏడుపు ఆకారం. పిల్లాడి ఆకారం ఏమైపోతోందో చూడ్డానికి అక్కడ ఏ తెరా లేదు.

పాలు చేపుకొచ్చి నా రవిక తడిసిపోయింది. కొంగు నిండుగా కప్పుకున్నాను. మొదట్లో హైమవతి అది చూసి తల తిప్పుకునేది. పోనుపోను తల తిప్పుకోవడం కూడా మానేసింది. పెద్ద చదువులు చదివినవాళ్ళు దేనికైనా తొందరగా అలవాటు పడతారు.

పద్ధతి ఏమిటంటే, పాలిచ్చి, బట్ట మార్చి, ఊయలలో వేసి నేను ఇవతలికి వచ్చేయాలి. తలుపు హైమవతి వేస్తుంది. ఆకలి, తడి, కడుపునొప్పి అన్నీ ముందే చూసేశారు కాబట్టి ఆపైన వాడు ఏడిస్తే అది గురుగ్రహం వల్లనే అని వాళ్ళ లెక్క. 'అమ్మ కావాలని ఏడిస్తేనో' అని ఒకసారి అడిగాను. పరాంకుశం గారు నవ్వారు. "అది చాలా చిన్న అంశమమ్మా. లెక్కలోంచి కొట్టేయొచ్చు," అన్నారు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కల్లోంచి ఏం కొట్టేయొచ్చో ఏం కొట్టేయకూడదో నాకేం తెలుసు.

మేముండేది గనిమీడ్ మీద. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలన్నిట్లోకీ పెద్దది. పైన కనుచూపు మేర మంచు. ఆ మంచులో తవ్విన వీధులే మా స్థావరం. ఇక్కడ పెద్దవాళ్ళు అడుగున ఉంటారు. ఎంత లోతుకి పోతే అంత క్షేమం కాబట్టి ల్యాబ్ వాళ్ళ ఇళ్ళు అట్టడుగు వరసలో. మంచు కోసేవాళ్ళం, వెల్డర్లం, వంటవాళ్ళం పై వరసలో, పల్చటి కప్పు కింద. మా ఆయన సింహాద్రి మంచు కోస్తాడు. మా అత్త పైడితల్లి క్యాంటీన్‌లో వండుతుంది. మా అందరిదీ భీమిలి అవతల సముద్రపొడ్డు. తెప్పలు నడిపినోళ్ళు చలికీ ఒంటరితనానికీ తట్టుకుంటారని ఎవరో రాస్తే, మా వాడనుంచి జనాన్ని పట్టుకొచ్చారు. భీమిలిలో చలి ఎప్పుడుందో రాసినాయన్నే అడగాలి.

ఇక్కడ అందరికీ ఉన్న భయం ఒక్కటే, జల్లు. వానజల్లు కాదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నాకు విప్పి చెప్పాడు. గురుగ్రహం చుట్టూ దాని అయస్కాంత బలం పెద్ద వలలా పరుచుకుని ఉంటుందట. ఆ వలలో పడ్డ ఎలక్ట్రాన్లు బయటికి పోలేక తిరుగుతుంటాయట. ఉన్నట్టుండి అందులో అలలు లేస్తాయి. వాటిని ప్లాస్మా అలలంటారు.

"తెప్పని ఎనకనించి అల తోసుకొచ్చి ఒడ్డున ఇసిరేస్తాది సూడు," అన్నాడు. "అలగే ఆ ఎలక్ట్రాన్లని తోసి, తోసి, మా నెత్తిన పోస్తాది. కంటికి కనపడదు. ఒంటికి తగల్దు. నాలుగు దినాలు పోయాక జుట్టూడుతాది."

జల్లుకి ముందు ఆ అలలు కూత పెడతాయి. పిట్టలు తెల్లారగట్ల అరిచినట్టు, కిందినుంచి పైకి సాగే కూత. చెవికి వినపడదు, అది గాల్లో పుట్టిన మోత కాదు కదా. యాంటెన్నాలు పట్టుకుని స్పీకర్లో వినిపిస్తాయి. కానీ మా స్థావరంలో పంపులు, కరెంటు తీగలు, మంచు కోసే రంపాలు అన్నీ కలిసి అదే రకం రొద చేస్తాయి. ఏది గురుగ్రహానిదో ఏది రంపానిదో యంత్రం తేల్చుకునేసరికి జల్లు కురిసి వెలిసిపోయేది. బయట మంచు మీదున్న వాళ్ళు తడిసిపోయేవారు. 'తడవడం' అనే మాట మా వాళ్ళే పెట్టారు. ల్యాబ్ వాళ్ళు 'మోతాదు' అంటారు, మందేదో ఇచ్చినట్టు.

ఈ గడ్డ మీద కడుపున పడి ఈ గడ్డ మీద పుట్టిన మొదటి బిడ్డ నా వరహాలు. మిగతా పిల్లలంతా ఓడలో వచ్చినవాళ్ళే. నేను కడుపుతో ఉన్నప్పుడు ల్యాబ్ వాళ్ళు ఎవరూ మా గుమ్మం తొక్కలేదు.

వాడు పుట్టినప్పటినుంచి వేళకాని వేళ గుక్కపట్టి ఏడ్చేవాడు. పాలు తాగి, నవ్వుతూ నవ్వుతూ ఉండి, ఎవరో గిల్లినట్టు ఒక్కసారి అందుకునేవాడు. మా అత్త ఉప్పు దిష్టి తీసింది. వాము నీళ్ళు పట్టింది. వసకొమ్ము తెచ్చుకోలేదని ఓడవాళ్ళని తిట్టింది. నాకు భయంతో అన్నం సహించేది కాదు. రొమ్ము మీద వేసుకుని, వీపు నిమురుతూ, గది ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగేదాన్ని. అలా తిరిగితే తగ్గేది.

ఒక షిఫ్టు ముగించుకుని వచ్చిన మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"గుంటడు ఇందాక ఏడ్సాడా?"

"ఎప్పుడు ఏడవడు గనక," అన్నాను.

"సైరను మోగక ముందా, ఎనకా?"

"ముందే. చాలా ముందు. నాను సగం కూర తరిగాను, అప్పుడు కదా సైరను."

మా ఆయన తల ఊపాడు. కిందటిసారీ అంతే అన్నాడు. అంతకు ముందూ అంతే. ఇంట్లో ఉంచుకుంటే అక్కడితో పోయేది. పనిలో తనకి రావాల్సిన సెలవు అడగడానికి నోరు పెగలని మనిషి, ఈ మాట మాత్రం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళి చెప్పొచ్చాడు.

పరాంకుశం గారు స్వయంగా బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చారు. వెనక హైమవతి. కప్పు ఎంత పల్చగా ఉందో ఒకసారి పైకి చూసి, తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చున్నారు.

"ఆ అలల్లో చాలా భాగం మనిషి చెవికి అందే స్థాయిలోనే ఊగుతాయమ్మా," అన్నారు. "కానీ అవి విద్యుత్తు అలలు, మన చెవి పట్టుకోలేదు. ఈ బాబు చెవి ఇక్కడే, ఈ అలల మధ్యే తయారైంది. వీడు రొదలోంచి కూతని విడదీసి వింటున్నాడు. మా యంత్రాలు చేయలేనిది. ఈ బాబు స్థావరానికే వరం."

"వరవైతే తమరి ఇంట పుట్టలేదేటి బాబూ," అంది మా అత్త, స్టవ్ దగ్గర్నుంచి తిరక్కుండానే.

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "మీవారు బయట ఉండేటప్పుడు ఎవరో ఒకరు ముందుగా చెప్పగలిగితే బాగుండునని మీకు అనిపించదా?" అని నన్నడిగారు.

నా మెడ ఎక్కడ నొక్కాలో ఆయనకి తెలుసు. మంచు మీదుండేది నా మొగుడే. ప్రతి షిఫ్టుకీ ఆయన హెల్మెట్ పెట్టుకుంటుంటే, తిరిగొస్తాడా రాడా అని నేను ఆయన మెడ వెనక జుట్టు చూసేదాన్ని, ఊడుతోందేమోనని. సరే అన్నాను.

పని చేసింది. అది కాదనను. వరహాలు ఏడవగానే హైమవతి సైరను మీట నొక్కేది, మంచు మీద వాళ్ళు రంపాలు వదిలేసి లోపలికి వచ్చేసేవాళ్ళు, వాళ్ళు సూట్లు విప్పుకుని టీ తాగుతుండగా జల్లు పడేది. దారిలో కనపడితే జనం వరహాలు పాదాలు ముట్టుకునేవారు. మా వాళ్ళయితే మొక్కారు కూడా.

మీటింగు హాల్లో సభ పెట్టారు. పరాంకుశం గారు వేదిక మీద గురుగ్రహం బొమ్మ చూపిస్తూ మాట్లాడారు. ఆ పద్ధతికి తన పేరే పెట్టుకున్నారు, 'పరాంకుశం పద్ధతి'. నా కొడుక్కి మా మావ పేరు వరహాలు అని పెట్టుకుంటే, ఆయన మాటల్లో వాడి పేరు 'సూచిక'. సూచిక బరువు, సూచిక నిద్ర, సూచిక స్పందన. ముందు వరసలో మేం కూర్చున్నాం. చప్పట్లకి వాడు ఉలిక్కిపడి ఏడవబోతే ముందు వరసంతా కుర్చీల్లోంచి లేచిపోయింది. మా అత్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత వచ్చింది గాజు గోడ. నేను ఎత్తుకోగానే వాడు ఊరుకుంటున్నాడట, దాంతో జల్లు ఎంత పెద్దదో తెలియకుండా పోతోందట. ఏడుపు ఎంత ఎత్తుకి వెళ్తే అల అంత బలమైనదని ఆయన తేల్చారు. అందుకని ఏడుపుని చివరిదాకా పోనివ్వాలి. పాట పాడకూడదు. గాజు దగ్గరికి వచ్చి ముఖం చూపించకూడదు. పేరు పెట్టి పిలవకూడదు.

"ఎన్నాళ్ళు మేడమ్?" అని హైమవతిని అడిగాను.

"కొలతలు స్థిరపడేదాకా అండీ."

"అప్పటికి వాడికి నేనెవరో గుర్తుంటానా?"

ఆ అమ్మాయి చెవుల డిప్పలు సర్దుకుంది. అవి పెట్టుకుంటే వినపడలేదనొచ్చు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. అన్నం కలుపుతూ వింటున్నాడు.

"నీకేటే, నీ కళ్ళ ముందరే ఉన్నాడు కదా," అన్నాడు. "నానక్కడ ఆడి గొంతుని నమ్ముకుని తిరుగుతన్నాను."

మొగుడి ప్రాణం ఒక చేతిలో, కొడుకు ఏడుపు ఒక చేతిలో పెట్టి నన్ను నిలబెట్టారు. ఆ రోజు మా ఆయన మీద నాకు పుట్టిన ఏవగింపు, పరాంకుశం గారి మీద పుట్టినదానికి తక్కువేం కాదు.

వరహాలు బోర్లా పడ్డాడు. కూర్చున్నాడు. దోగాడాడు. ఆ ముచ్చట్లన్నీ గాజు అవతలే జరిగాయి. నెమ్మదిగా ఏడుపు తగ్గింది. మొదట గుక్కపట్టడం పోయింది. తర్వాత కాసేపు కూనిరాగం తీసి ఊరుకునేవాడు. తర్వాత అదీ లేదు. ఊయలలో వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూస్తూ ఉండేవాడు.

అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. పుట్టినప్పట్నుంచి నన్ను పీక్కుతింటున్న భయం తగ్గి కంటినిండా నిద్రపోయాను. "గుంటడు బుద్ధిమంతుడయ్యాడు," అని నలుగురు పిల్లల్ని పెంచిన మా అత్త కూడా అంది.

పరాంకుశం గారు దానికో శాస్త్రం కట్టారు. గురుగ్రహం అయస్కాంత మండలంలో అలలు సద్దుమణిగే దశ మొదలైందనీ, దాన్ని కనిపెట్టిన మొదటివాడు తానేననీ భూమికి వ్యాసం పంపారు. గురుగ్రహం ఊరుకుందని స్పీకర్లో స్థావరమంతటికీ చెప్పించారు. ఆ రోజు నేను బల్ల మీదే ఉన్నాను. హైమవతి నసుగుతూ అంది:

"సార్, యాంటెన్నాలో కూతలు తగ్గలేదండీ. కాస్త పెరిగినట్టే ఉన్నాయి."

"అవి రంపాలమ్మా," అన్నారాయన. "సూచిక ఏడ్చిందా?"

"లేదండీ."

"మరి?"

మరి అంటే మరే. పసివాడు ఏడవలేదు కాబట్టి గ్రహం ఊరుకుంది. భూమి కంటే వెయ్యింతలు పెద్దదైన గ్రహం, మా ఊయల గదిని అడిగి నడుచుకుంటోందన్నమాట. ఎలాగూ జల్లులు లేవు కదా అని మంచు కోసేవాళ్ళని దూరంగా ఉత్తరపు గట్టు దాకా పంపడం మొదలుపెట్టారు. అక్కడ మంచు తేటగా ఉంటుందట. అక్కడినుంచి లోపలికి రావాలంటే బండి మీద చాలా దూరం.

జల్లు వచ్చిన రోజు నేను బల్ల మీద కూర్చుని వరహాలు చొక్కాకి గుండీ కుడుతున్నాను. తలెత్తి చూసేసరికి వాడు ఊయలలో కూర్చుని ఉన్నాడు. కళ్ళు పెద్దవి చేసి కప్పు కేసి చూస్తున్నాడు. రెండు పిడికిళ్ళూ బిగించాడు. కింది పెదవి ముందుకొచ్చి వణుకుతోంది. నుదుటి నిండా చెమట. నోరు మాత్రం మూసే ఉంది.

"మేడమ్, వాడికేదో వినబడతంది."

హైమవతి తెర వంక చూసింది. "గీత కదల్లేదండీ."

"గీతని కాదు, వాణ్ణి చూడండి."

చూసింది. చెవుల డిప్పలు తీసేసింది. ఫోను తీసుకుని పరాంకుశం గారికి చెప్పింది. ఆయన గొంతు నాకు వినపడుతూనే ఉంది. "ఏడ్చాడా లేదా, అది చెప్పు. ఏడవకుండా సైరను మోగిస్తే పని ఆగిపోతుంది. ముఖం చూసి సైరను మోగించే పద్ధతి మన దగ్గర లేదు."

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆ అమ్మాయి అడ్డుపడలేదు. పోనీ మీటా నొక్కలేదు. మధ్యలో నిలబడింది.

వరహాలుని ఎత్తుకున్నాను. ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుని ఉంది. నా మెడ పట్టుకోలేదు. నా భుజం మీదినుంచి కప్పు కేసే చూస్తున్నాడు. "ఏటి నాన్నా, ఏటి," అంటూ వీపు నిమిరాను. వాడికి అదేమిటో తెలియలేదు. ఎవరో కొత్తమనిషి చేయి వేసినట్టు ఓర్చుకున్నాడు.

అప్పుడు మోగింది సైరను. ఎప్పుడూ అందరికంటే ఆఖర్న మేలుకునే, జల్లు మోతాదు కొలిచే గోడ మీటర్లు మోగించాయి. అంటే జల్లు పడడం మొదలైపోయింది.

ఉత్తరపు గట్టునుంచి బండి వచ్చేదాకా నేను గేటు దగ్గర వాణ్ణి చంకలో వేసుకుని నిలబడ్డాను. కిందికి పొమ్మని ఎవరో అరిచారు. పోలేదు. మిగతావాళ్ళు నడుచుకుంటూ లోపలికొచ్చారు. మా ఆయన్ని ఇద్దరు పట్టుకుని దింపారు. సైరను వినగానే అందరూ బండిలోకి దూకితే, కంపెనీ రంపం బయట వదలకూడదని రూలు గుర్తొచ్చి, దాన్ని పెట్టెలో సర్ది, తాళం వేసి మరీ ఆఖర్న ఎక్కాడట. ఆ మాట చెబుతూనే నా కాళ్ళ దగ్గర వాంతి చేసుకున్నాడు.

ఆస్పత్రిలో, ప్రాణానికి భయం లేదన్నారు. ఇంక దేనికి భయపడాలో అడిగితే, అది మెల్లగా తెలుస్తుందన్నారు. జుట్టంతా రాలిపోయింది. నోట్లో పుళ్ళు. గంజి తప్ప ఏమీ దిగేది కాదు. మళ్ళీ బయటికి పోకూడదన్నారు, ఎప్పటికీ.

ఆయన మంచం పక్కనే విచారణ జరిగింది. పరాంకుశం గారు వచ్చారు, హైమవతి వచ్చింది. మా ఆయన ఎలా ఉన్నాడని మర్యాదకి అడిగి, వెంటనే నా వైపు తిరిగారు.

"అమ్మా, ఒక్క విషయం అర్థం కావడం లేదు. బాబుకి కూత వినపడింది. చెమటలు పట్టాయి, పిడికిళ్ళు బిగించాడు. అంటే గ్రహణశక్తి ఉంది. మరెందుకు ఏడవలేదు?"

నేను వరహాలుని చూస్తూ కూర్చున్నాను. నాకూ అప్పటిదాకా తట్టలేదు. గంజి గిన్నె కడుగుతున్న మా అత్త చేతులు తుడుచుకుంది.

"ఎవులొస్తారని ఏడవాల బాబూ," అంది.

మా ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. హైమవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరాంకుశం గారు మాత్రం గడ్డం గోక్కున్నారు.

"ఆసక్తికరం," అన్నారు. "అంటే పిలుపుకి స్పందన లేకపోతే పిలుపు ఆగిపోతుంది. చాలా ఆసక్తికరం. ఇది సరిచేయొచ్చు."

సిగ్గుపడతారేమోనని అనుకున్న నేనే పిచ్చిదాన్ని. రెండు రోజులు తిరక్కుండా కొత్త పద్ధతి వచ్చింది. దీనికి 'పునరుద్ధరణ' అని పేరు. సూచికని తల్లి దగ్గరే ఉంచాలి. ఏడ్చిన ప్రతిసారీ తల్లి వెంటనే ఎత్తుకోవాలి. పాట పాడొచ్చు. పేరు పెట్టి పిలవొచ్చు. నా బిడ్డని ముద్దు పెట్టుకోమని ల్యాబ్ నాకు ఉత్తర్వు ఇచ్చింది.

హైమవతి వచ్చి మా గదిలో గోడకి మైకూ స్పీకరూ బిగించింది.

"నేను ఈ పని మానేద్దామనుకున్నానండీ," అంది, మరలు తిప్పుతూ.

"మానేశారా?"

"ఓడ రావాలి కదండీ."

"వచ్చేదాకా బిగించండి మరి," అన్నాను. ఆ అమ్మాయి చివరి మర బిగించింది. మంచి పిల్లే. కాకపోతే ఆ మంచితనం తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది.

జల్లు తర్వాత బయట పనంతా ఆపేశారు. మంచు మీద ఎవరూ లేరు. యంత్రాల మీద నమ్మకం పోయి, లెక్కల మీద నమ్మకం పోయి, పరాంకుశం గారు ఒక్కటే నియమం పెట్టారు. సూచిక ఎప్పుడు ఏడిస్తే అప్పుడు, మైకులో వినపడీ పడగానే, మంచంపట్టి కదల్లేనివాళ్ళు తప్ప అందరూ అడుగు వరసకి దిగిపోవాలి. ఆ ఏడుపు కోసం స్థావరమంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది.

వాడు ఏడవలేదు.

పాలకి ఆలస్యమైతే గోడ చూస్తూ కూర్చునేవాడు. చెయ్యి తలుపు సందులో పడితే, లాక్కుని, ఆ చేతినే తిప్పి తిప్పి చూసుకున్నాడు. మా అత్త గిలక్కాయ లాక్కుంటే ఇచ్చేశాడు. పడ్డప్పుడు నోరు తెరిచేవాడు, ఒకసారి చుట్టూ చూసేవాడు, మూసేసేవాడు. వాణ్ణి ఎత్తుకుని తిరిగేదాన్ని, ఒళ్ళో వేసుకుని ఊపేదాన్ని. బరువుగా, మర్యాదగా, చుట్టాల పిల్లాడిలా ఉండేవాడు.

"ఇంకా లేదాండీ?" అని స్పీకర్లోంచి రోజూ హైమవతి అడిగేది.

"లేదు."

వాళ్ళకి కావాల్సింది సైరను. నాకు కావాల్సింది నా కొడుకు నన్ను పిలవడం. ఇద్దరం ఒక్క ఏడుపు కోసమే కాచుకుని ఉన్నామన్నది తలుచుకుంటే ఒళ్ళు మండేది. వాడు మళ్ళీ ఏడిస్తే వాళ్ళు మళ్ళీ గాజు గోడ కడతారు. ఏడవకపోతే నేనేం కాను వాడికి. ఏది కోరుకోవాలో తెలియక, ఏదీ కోరుకోలేక, వాడి వెనకాలే నేల మీద దేకుతూ తిరిగాను.

మా ఆయన్ని ఇంటికి పంపించారు. మంచం మీద పడుకుని, గుండు మీద తువ్వాలు కప్పుకుని, కొడుకుని చూస్తూ ఉండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను పప్పు తాలింపు వేస్తున్నాను. వరహాలు మంచం కోడు పట్టుకుని లేచాడు. నిలబడ్డాడు. అడుగు వేయబోయి, తూలి, ఇనప బల్ల అంచుకి నుదురు కొట్టుకుని కూలబడ్డాడు. చప్పుడు గట్టిగా వచ్చింది.

స్టవ్ ఆపేసి పరుగెత్తాను. వాడి ముందు నేల మీద కూర్చున్నాను. నోరు తెరిచి ఉంది. ఊపిరి లోపలికి పీల్చాడు. చుట్టూ చూశాడు. ఆ చూపు నా ముఖం మీదికొచ్చి ఆగింది. నుదుటి మీద బొప్పి లేస్తోంది.

"ఏడువు నాన్నా," అన్నాను. "ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ ఎల్లను. ఏడువు."

నన్నే చూశాడు. నోరు మూయలేదు. పెదవి వంకర తిరిగింది. మంచం మీదినుంచి మా ఆయన లేచి కూర్చున్నాడు. వాడు రెండు చేతులూ నా వైపు చాచాడు. చాచి, అప్పుడు మొదలుపెట్టాడు.

ఎన్ని నెలలది దాచుకున్నాడో. మంచు కప్పు అదిరింది. వాణ్ణి లాగి గుండెకి అదుముకున్నాను. వాడి గోళ్ళు నా మెడలో దిగబడ్డాయి.

వీధిలో తలుపులు ధనాధనా తెరుచుకున్నాయి. మెట్ల మీద కాళ్ళ చప్పుడు. క్యాంటీన్లో గిన్నెలు పడ్డాయి. ఎవరో పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తున్నారు. సైరను మోగింది. కాసేపటికి మా వరస మొత్తం ఖాళీ అయిపోయి, వరహాలు గొంతు ఒక్కటే మిగిలింది.

కొంగు చివర ముద్ద చేసి, నోటితో ఆవిరి ఊది, వాడి బొప్పి మీద అద్దాను. మళ్ళీ ఊదాను, మళ్ళీ అద్దాను. అద్దినప్పుడల్లా ఇంకా గట్టిగా అందుకున్నాడు.

స్పీకరు గరగరమంది. "రత్నం గారూ," హైమవతి రొప్పుతోంది. "మేమంతా అడుగు వరసకి వచ్చేశామండీ. తీవ్రత ఎలా ఉంది? పైకి వెళ్తోందా?"

వెంటనే పరాంకుశం గారి గొంతు. "అమ్మా, వెంటనే ఎత్తుకోండి. అంటే, ఎత్తుకోండి కానీ ఏడుపు ఆగకూడదు. కాదు, మొదటిసారి కదా, ఎత్తుకోవాలి. హైమవతీ, ఎత్తుకోవాలా వద్దా?"

వెనక జనం గోల. ఎవరో దేవుడికి మొక్కుతున్నారు. నీళ్ళెవరు తెచ్చారని ఎవరో అడుగుతున్నారు. మూసిన తలుపు వెనక, ఒకరి మీద ఒకరు, స్థావరంలోని చదువంతా కూర్చుని ఉంది.

మా ఆయన స్పీకరు కేసి, నా కేసి చూశాడు. పుళ్ళ నోటితో నవ్వడానికి కష్టపడుతున్నాడు.

"ఆళ్ళకి సెప్పవేటే, బల్ల తగిలిందని."

వరహాలు నా భుజంలో ముఖం పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. వీపు నిమిరాను.

"సెప్తాను," అన్నాను. "ముందు ఈణ్ణి ఏడవనీ."